భాషల పండగంటే పంజాబీ తలపాగాలేనా?

మా హైస్కూల్లో భాషల పండగలకి కొదవేం లేదు. ఆగస్టు 29 వస్తే తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబర్ 14కి హిందీ దివస్, డిసెంబర్ 11కి భారతీయ భాషా దివస్, ఫిబ్రవరి 21కి మాతృభాషా దినోత్సవం, మధ్యలో పై ఆఫీసు నుంచి ఏ మెసేజ్ వస్తే ఆ పండగ. పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే. ముందురోజు సాయంత్రం చార్టులు, స్కెచ్ పెన్నులు, పొద్దున్నే గేటు ముందర ముగ్గు, ప్రేయర్లో ఒక ఉపన్యాసం, నలుగురు పిల్లోళ్ళకి వేషాలు, ఆపైన ఫొటోలు. ఫొటోలు గ్రూపులో పడినాయంటే పండగ అయిపోయినట్టే, మళ్ళా థర్డ్ పీరియడ్ నుంచి మామూలు క్లాసులు.

నేను సోషల్ టీచర్ని. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో తమిళనాడు బార్డర్‌కి బాగా దగ్గరగా ఉండే ఒక ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తా ఉండాను, అంతకంటే వివరం చెప్పను, చెప్తే రేపు స్టాఫ్ రూమ్‌లో టీ కూడా పుట్టదు.

ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్ అని కేంద్రం రాష్ట్రాలని జతలు జతలుగా కలిపినప్పుడు మన ఆంధ్రాకి పంజాబ్ వచ్చింది. 2018లో భాషా సంగమ్ అని ఇంకోటి మొదలైంది, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉండే 22 భాషల్లో చిన్న చిన్న వాక్యాలు పిల్లలచేత ప్రేయర్లో చెప్పించాలని. ఆలోచన మంచిదే, నాకేం గొడవ లేదు. మా పిల్లలు పంజాబీలో నీ పేరేంది, నేను బాగుండాను అని చెప్పినారు, పట్టుచీర చుట్టి తలపాగా కట్టుకుని భాంగ్రా కూడా ఎగిరినారు, ఎగిరినప్పుడు వాళ్ళ మొహాల్లో సంతోషం నిజమైన సంతోషమే, దాన్ని నేను ఎగతాళి చెయ్యను. నా బాధల్లా ఒకటే. ఆ తలపాగా కట్టుకున్న పిల్లోడి ఇంట్లో మాట్లాడేది తమిళం. వాడి వెనకాల డోలు కొట్టిన పిల్లోడి ఇంట్లో ఎరుకల. పక్కన నిలబడి చప్పట్లు కొట్టిన పాప ఇంట్లో దక్కనీ ఉర్దూ. రెండువేల కిలోమీటర్ల అవతల ఉండే భాషకి మైకు ఇచ్చినాం గానీ రెండో బెంచీలో ఉండే భాషని ఏనాడూ ఏం బాగుండావా అని కూడా అడగలేదు. స్కూల్లో భాషల పండగ చేస్తే ముందు ఆ స్కూల్లో కూర్చోనుండే భాషలతో చెయ్యాల, చేసేది కూడా చూపించడానికి కాదు నేర్చుకోవడానికి చెయ్యాల అనేది నా వాదన. ఇందులో కొత్తేముంది అని మీకు అనిపిస్తే మీ పక్క స్కూల్లో ఒకసారి చూసి రండి.

అసలు ఎవరెవరు ఏ భాషో మాకే తెలీదు, అదీ సంగతి. తొమ్మిదో క్లాసులో జనాభా లెక్కల గురించి చెప్తా, 2011 లెక్కల్లో వడపోసినాక తేలిన మాతృభాషలు 1,369, పదివేల మందికి పైన మాట్లాడే భాషలు 121 అని బోర్డు మీద రాసి, సరే మన క్లాసులో లెక్క తీద్దాం, మీ ఇంటి భాష ఏందో కాగితం మీద రాయండి అన్నాను. అందరూ తెలుగు అనే రాసినారు. అందరూ! ఉర్దూ పిల్లలు మాత్రం తెలుగు కామా ఉర్దూ అని రాసినారు. నాకు నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే కబడ్డీలో ఔటయినప్పుడు వీళ్ళు ఏ భాషలో అరుస్తారో నేను రోజూ వింటానే ఉంటా. అప్పుడు కాగితాలు పక్కనబెట్టి, మీ అవ్వ మిమ్మల్ని ఏ భాషలో తిడతాదో చెప్పండి అన్నాను. ఇంక చూడండి క్లాసు. తమిళం మేడమ్, మాది కన్నడం మేడమ్ మా అవ్వది ముళబాగలు పక్క, మాది సుగాలి మేడమ్, వీడిది ఎరుకల మేడమ్ వీడు చెప్పడు సిగ్గు. మరి ఇందాక తెలుగు అని ఎందుకు రాసినారప్పా అంటే ఒక పిల్ల ఏమందంటే, స్కూలు కాగితం కదా మేడమ్, దానిమీద తెలుగే కదా రాయాల.

ఆ పిల్ల తప్పేం లేదు, ఆరో క్లాసు నుంచి మేం నేర్పింది అదే కదా. ఇంటి భాష గేటు బయట చెప్పులతో పాటు విడిచి రావాలని ఎవురూ నోటితో చెప్పలేదు, అయినా పిల్లోళ్ళకి అర్థమైపోయింది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పనీండి, సోషల్ టీచర్ని కదా ఊరికే ఉండలేను. చిత్తూరు జిల్లా అనేది 1911 ఏప్రిల్ 1న పుట్టింది, ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు పక్కవి కొన్ని, జమీందారీలు కొన్ని కలిపి అతికించినారు. అంటే పుట్టుకలోనే ఇది ఒక భాష జిల్లా కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక సరిహద్దు తగాదా, మధ్యవర్తిగా పెట్టిన పటాస్కర్ కూర్చుని తీర్పు చెప్పినాక 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి, పళ్ళిపట్టు పక్క మద్రాసు రాష్ట్రానికి పోయినాయి, సత్యవేడు పక్క మనకి వచ్చింది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, గీత జరిగింది. టీచర్స్ డే రోజు మనం దండ వేసే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తిరుత్తణిలో తెలుగు ఇంట్లో పుట్టినాయన, చిన్నప్పుడు తిరుపతిలో మిషన్ స్కూల్లో చదువుకున్నాడు, ఆయన ఉపరాష్ట్రపతిగా ఉండగానే ఆయన పుట్టిన ఊరు రాష్ట్రం మారిపోయింది. ఇప్పటికీ ఆడికృత్తిక వస్తే నగరి, పుత్తూరు జనం కావళ్ళు ఎత్తుకుని తిరుత్తణి కొండకి పోతానే ఉండారు. అటుపక్క ఊర్లలో తెలుగు ఇళ్ళు, ఇటుపక్క నగరి మగ్గాల వీధుల్లో తమిళ ఇళ్ళు, సంబంధాలు కలుపుకునేటప్పుడు ఏ రాష్ట్రమో ఎవరూ అడగరు, కులం మాత్రం అడుగుతారు, అది వేరే వ్యాసం.

తిరుమల సంగతే తీసుకోండి. గుడి గోడల మీది శాసనాల్ని దేవస్థానం వాళ్ళు 1930ల్లో సంపుటాలుగా అచ్చువేసినారు, వాటిలో ఎక్కువ భాగం తమిళంలో ఉండాయి, తెలుగు, కన్నడ, సంస్కృతం ఆ తర్వాతే. రాగిరేకుల మీద అన్నమయ్య తెలుగు. పొద్దున్నే సంస్కృతంలో సుప్రభాతం, ధనుర్మాసం వస్తే సుప్రభాతం బదులు తమిళంలో ఆండాళ్ తిరుప్పావై. ఆ నెలంతా మన తెలుగోళ్ళు పొద్దున్నే లేచి తమిళ పాశురాలు తెలుగు లిపిలో చూసి చదువుతా ఉంటారు, ఎవరికీ అది పరాయి భాష అనిపించదు. మదనపల్లెలో 1919లో బీసెంట్ కాలేజీకి వచ్చిన ఠాగూర్ తన బెంగాలీ పాట జనగణమనని ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే, దానికి స్వరాలు రాసి కుదిర్చింది ఐర్లాండ్ నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్. ఇంత ఉండే చోట కూర్చుని మేం భిన్నత్వంలో ఏకత్వం అనే చార్టు కోసం గూగుల్లో బొమ్మలు వెతుకుతా ఉంటాం.

ఇంక గిడుగు రామమూర్తి గారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, 1863. ప్రతి సంవత్సరం ఆ రోజు మా పిల్లోళ్ళు ఉపన్యాసంలో చెప్పేది ఒకటే, ఆయన వ్యావహారిక భాష కోసం పోరాడినాడు అని. నిజమే, గొప్పే. కానీ అదే మనిషి జీవితంలో ఇంకో సగం ఉంది, అది మన ఉపన్యాసాల్లో రాదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటా, చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల్ని చూసి, వాళ్ళ భాష నేర్చుకోవాలని పట్టుబట్టినాడు. సవర భాషకీ తెలుగుకీ చుట్టరికం లేదు, అది ముండా అనే వేరే భాషా కుటుంబం, లిపి లేదు, పుస్తకం లేదు, నేర్పే టీచర్ లేడు. తెలుగు తెలిసిన సవరని ఇంట్లో పెట్టుకుని కూర్చుని నేర్చుకున్నాడు, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలో వాచకాలు రాసినాడు, సొంత ఖర్చుతో బళ్ళు నడిపినాడు. 1931లో సవర వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది, తర్వాత నిఘంటువు. అంటే మనం తెలుగు దినోత్సవం అని చేసుకునేది తనది కాని భాషని, చదువురాని మనుషుల దగ్గర కూర్చుని నేర్చుకున్న ఒక టీచర్ పుట్టినరోజుని. ఆ రోజు మా స్టేజీ మీద తెలుగు ఒక్కటే గొప్ప, అమృతం, తేనె, ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అని మైకు అదిరిపోతా ఉంటాది. పక్క భాషని తక్కువ చేసి మన భాషని ఎక్కువ చేసే ఉపన్యాసాలు ఆ పెద్దాయన వింటే ఏమనేవాడో గానీ నాకైతే లేచి పోవాలనిపిస్తాది.

లిపి లేదు కదా మేడమ్, ఎట్ల నేర్పేది అంటారు సుగాలి గురించి, ఎరుకల గురించి. నూరేళ్ళ నాడే ఒకాయన చేసి చూపించినాడు కదా. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి సవర, కోయ, కువి, బంజారా (అంటే మన సుగాలే) లాంటి భాషల్లో, తెలుగు లిపిలోనే, చిన్నపిల్లలకి పుస్తకాలు కూడా చేసినారు. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకి సొంత భాషలో చదువు అందేట్టు చూడాలని రాజ్యాంగంలోనే 350ఎ అని 1956లో చేర్చినారు. కాగితం మీద లోటేం లేదు మనకి, ఎప్పుడూ లేదు.

ఇప్పుడు నేర్చుకోవడం సంగతి. మన జిల్లాలో భాషలు ఎవరికి వస్తాయో చూడండి. మదనపల్లె టమాటా మార్కెట్లో మండీలో గుమస్తాగా ఉండే మనిషి పొద్దున తమిళనాడు వ్యాపారితో తమిళం, తర్వాత కోలారు పక్కనుంచి వచ్చినోళ్ళతో కన్నడం, ఢిల్లీ లారీ డ్రైవర్‌తో హిందీ. పుత్తూరు కట్టు వేసే చోటికి మూడు రాష్ట్రాల నుంచి ఎముకలు విరగ్గొట్టుకుని వస్తారు, నొప్పి ఎక్కడప్పా అని మూడు భాషల్లో అడగాల. తిరుపతి బస్టాండ్ బయట ఆటో అన్న ఎదురుగా వచ్చే మనిషి నడక చూసి భాష మారుస్తాడు, ఎప్పుడూ తప్పు పోడు. కుప్పం నుంచి రోజూ రైలెక్కి బెంగళూరు పోయేటోళ్ళకి కన్నడం ఏ టీచర్ నేర్పినాడు? వీళ్ళెవరికీ సర్టిఫికెట్ లేదు. మా స్కూల్లో హిందీ ఆరు నుంచి పది దాకా ఐదేళ్ళు చెప్తాం, పదో క్లాసు పాసైన పిల్లోడిని రైల్వే స్టేషన్లో వదిలితే టికెట్ కౌంటర్ ఎక్కడ అని హిందీలో అడగలేడు. హిందీ సార్ మీద నేరం మోపడం లేదు, ఆయన మంచి టీచరే. పరీక్షలో మిగతా సబ్జెక్టులకి పాస్ మార్కు 35 అయితే హిందీకి 20, పిల్లోడు ఆ ఇరవైకి సరిపడా బట్టీ పట్టి గమ్మునుంటాడు. భాష ఎవరితో మాట్లాడాల, ఎందుకు మాట్లాడాల అనేది ఐదేళ్ళలో ఒక్కరోజు కూడా రాదు.

అట్లని మార్కెట్టే గొప్ప, స్కూలు దండగ అనే మాట నేను అనను. ఈమధ్య ఆ మాట ఫ్యాషన్ అయిపోయింది. ఆటో అన్నకి తమిళం మాట్లాడ్డం వచ్చు గానీ తమిళ బస్సు బోర్డు చదవడం రాదు. మండీలో నేర్చుకున్న భాషలో బేరం ఆడొచ్చు, ఆస్పత్రి కాగితం చదవలేం. మా ఊర్లోళ్ళు పెద్ద జబ్బు వస్తే తమిళనాడులో ఉండే వేలూరుకే పోతారు, అక్కడ నర్సు చెప్పేది అర్థమయ్యీ కాకుండా తలాడించి వచ్చేస్తారు. మాట బయట దొరకతాది, అక్షరం మాత్రం స్కూలే ఇవ్వాల. మా స్కూలు ముందర నుంచే తమిళనాడు బస్సులు పోతా ఉంటాయి, బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలు, అంతకంటే మంచి వాచకం ఏముంది? ఇంటర్వెల్‌లో గేటు దగ్గర నిలబడి బస్సు బోర్డులు చదవడం ఎనిమిదో క్లాసోళ్ళు ఆటగా మొదలుపెట్టినారు, నేర్పింది వాళ్ళ క్లాసులోనే ఉండే తమిళ పిల్లోళ్ళు. ఊర్ల పేర్లు ముందే తెలుసు కాబట్టి అక్షరాలు వాటంతట అవే విడిపోతాయి.

ఇట్లాంటివి చెప్తే పేరెంట్స్ మీటింగ్‌లో ఏం వస్తాదో నాకు తెలుసు. ఇంగ్లీషు చాలు మేడమ్, మిగతావి ఎందుకు. ఒక నాయనైతే, శ్రీసిటీలో జపాన్ కంపెనీలు ఉండాయంట కదా, నేర్పితే జపానీస్ నేర్పండి, తమిళం నేర్చుకుని మావాడు ఏం చెయ్యాల అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆయన ప్రశ్న తప్పు కాదు. బిడ్డ బతుకు కోసం అడిగే మాట అది. 2019లో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చినప్పుడు, తర్వాత 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు ఊర్లో ఎక్కువమంది ఇంగ్లీషు పక్కే నిలబడినారు, వాళ్ళని భాషాద్రోహులు అని తిట్టడం ఏసీ గదుల్లో కూర్చున్నోళ్ళకి చెల్లుతాది, రోజూ వాళ్ళ పిల్లల మొహాలు చూసే నాకు చెల్లదు. నేను ఆయనకి చెప్పింది ఏందంటే, శ్రీసిటీకి పోవాలంటే మీవాడు సత్యవేడు పక్క బస్సెక్కాల, పక్కన కూర్చుని పనిచేసేటోడు సగం రోజులు తమిళోడే అయి ఉంటాడు, సూపర్‌వైజర్‌తో ఇంగ్లీషు సరే, మధ్యాహ్నం క్యారియర్ విప్పేటప్పుడు ఏం మాట్లాడతాడు అని. ఇంకోటి, రెండు భాషల ఇంట్లో పెరిగిన పిల్లోళ్ళు మూడోదానికి భయపడరు, ఇది ఏ పరిశోధనో చూసి చెప్పడం లేదు, నా క్లాసులో ఇంగ్లీషు తప్పో ఒప్పో ముందుగా నోరు తెరిచేది ఈ తమిళ, ఉర్దూ ఇళ్ళ పిల్లోళ్ళే. తప్పు మాట్లాడి కూడా బతకొచ్చని వాళ్ళకి ముందే తెలుసు. ఆయన ఒప్పుకోలేదు, సరే చూద్దాం మేడమ్ అని పోయినాడు.

మా స్టాఫ్‌లో వచ్చిన అభ్యంతరం వేరే. ఇవన్నీ మొదలుపెడితే సిలబస్ ఎప్పుడు అవుతాది అని. అది కూడా నిజమే, నాకు కూడా అవ్వదు. కానీ పండగ పేరుతో చార్టులకి, రిహార్సల్స్‌కి పోయే పీరియడ్లు లెక్కేస్తే ఆ టైమే చాలు, కొత్త టైము ఎవరూ ఇవ్వాల్సిన పని లేదు.

అట్లా పోయిన ఆగస్టు 29కి స్టేజీ కట్టకుండా ఒక ప్రయోగం చేసినాం. ఒక్కో గదికి ఒక్కో భాష. ఆ భాష పిల్లోళ్ళే టీచర్లు, మిగతావాళ్ళు తిరిగి తిరిగి కూర్చోవాల, టీచర్లతో సహా. రెండు నిమిషాలు పరిచయం, అంగట్లో బేరం, దారి అడగడం, సొంత అక్షరాలు ఉండే భాషైతే పేరు రాయడం. ఉర్దూ గదిలో కుడి నుంచి ఎడమకి పేరు రాసుకోవడానికి మగపిల్లోళ్ళు పోటీలు పడినారు, అయితే నేర్పే పాపల్లో ఒకామెకి మాట్లాడ్డమే వచ్చు, రాయడం రాదు, ఆమె మసీదు వీధిలో వాళ్ళ నానీ దగ్గర ముందురోజు రాత్రి కూర్చుని నేర్చుకుని వచ్చింది. సుగాలి గదికి ఒక పిల్ల వాళ్ళ అవ్వని పిలుచుకొచ్చింది. అవ్వ ఏమీ నేర్పలేదు, కూర్చుని కథ చెప్పింది, అర్థం కాని చోట మనవరాలు తెలుగులో చెప్పింది, మధ్యలో ఇద్దరికీ కథ ఎట్ల ముగిసిందనే దానిమీద గొడవ కూడా అయింది. కన్నడ గది మాత్రం తేలిపోయింది, నిజం చెప్పాల, ఉండేది ఒకే పిల్లోడు, వాడు భయపడి సినిమా డైలాగులు చెప్పి కూర్చున్నాడు.

ఎరుకల పిల్లోడు నేర్పను అన్నాడు. బలవంతం చెయ్యలేదు. ఎరుకల తమిళానికి దగ్గర చుట్టమని, వినడానికి బాగుంటాదని నేను చెప్తే చాలా? ఆ భాష పేరుతో వాళ్ళ కులాన్ని పిలిచి నవ్వినోళ్ళు అదే క్లాసులో ఉండారు. వైవిధ్యం వైవిధ్యం అని ఊరేగే ముందు ఆ నవ్వు సంగతి చూడాల, అది చార్టు మీద పని కాదు, రోజూ చెయ్యాల్సిన పని. మా సహోద్యోగి ఒకామె సుగాలి పిల్లకి తిరుపతిలో డ్రామా డ్రెస్సుల షాపు నుంచి అద్దాల లంగా బాడుగకి తెద్దామన్నప్పుడు కూడా నాకు ఇదే అనిపించింది. ఆ పిల్ల అమ్మ నైటీ మీద టవల్ వేసుకుని టమాటా కోతకి పోయే మనిషి, అద్దాల లంగా అవ్వ పెట్టెలో ఉందో లేదో కూడా తెలీదు. ఆ పిల్లని మ్యూజియం బొమ్మ చేసి ఫొటో తీసి, మళ్ళా రేపు క్లాసులో సుగాలిలో మాట్లాడితే ఏంది ఆ భాష అని కసరడం, రెండూ మేమే చేస్తాం కదా.

ఈసారి ఫిబ్రవరి 21కి, అంటే 1952లో ఢాకాలో బెంగాలీ కోసం కుర్రోళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్న రోజుకి, ఒక మెట్టు ఎక్కాలని అనుకుంటా ఉండాం. ఈసారి పరీక్ష పిల్లలకి కాదు, స్టాఫ్‌కి. ఒక్కో టీచరు ఒక్కో పిల్ల దగ్గర నెలరోజులు ఒక భాష నేర్చుకోవాల, మాట్లాడి చూపించాల, మార్కులు ఆ పిల్లే వేస్తాది. హిందీ సార్ తమిళం తీసుకున్నాడు, లెక్కల మేడమ్ ఉర్దూ, నేను సుగాలి. పీఈటీ సార్ ఇంకా తప్పించుకుని తిరగతా ఉండాడు. పాస్ మార్కు ఎంత పెట్టాలని పిల్లల్ని అడిగితే 35 అన్నారు, ఇరవై చాలదా అంటే ఒప్పుకోలేదు. టెన్త్ వాళ్ళని మాత్రం వదలరంట, ఆ టైముకి ప్రీఫైనల్స్, స్పెషల్ క్లాసులు ఉంటాయి, కాబట్టి ఆరు నుంచి తొమ్మిది వరకే. తమిళం బాగా నేర్పగలిగే పిల్లోళ్ళు ఇద్దరూ టెన్త్‌లోనే ఉండారు, హెచ్‌ఎం సార్‌ని ఒక్క పీరియడ్ అడగాల, సోమవారం మళ్ళా అడిగి చూస్తా.